మా అమ్మ అడిగిన ఫ్యాను

దుకాణంలో పెరిగిన పిల్లకి అక్షరాలకంటే ముందు రెండు విద్యలు వస్తాయి. కొనదలుచుకున్న వస్తువు మీద చూపు ఆపకూడదన్నది మొదటిది. బిందె కావాలంటే పక్కనున్న గంగాళం ధర అడగాలి. దాన్ని తిప్పి తిప్పి చూడాలి. ఇక పోదామనుకుంటున్నప్పుడు, 'ఇదేంటి, సొట్ట పడ్డట్టుందే' అన్నట్టు బిందెకేసి ఒక చూపు పారెయ్యాలి. రెండో విద్య, బేరం తెగనప్పుడు చెప్పులేసుకుని మెట్లు దిగడం. వెనక్కి చూడకుండా దిగాలి. పిలుస్తారు. పిలవకపోతే గొడుగు మర్చిపోయినట్టు మళ్ళీ ఎక్కొచ్చు. అందుకే మా ఇంట్లో ఆడవాళ్ళు ఎండలేని రోజున కూడా గొడుగు లేకుండా బజారుకి వెళ్ళరు.

ఈ రెండూ నాకు నేర్పింది మా అమ్మ. కరీంనగర్‌లో మాది స్టీలు సామాన్ల దుకాణం. నాన్న గల్లా దగ్గర కూర్చుంటే, నిచ్చెనెక్కి పై అరల్లోంచి గిన్నెలు దించేది అమ్మ. కొనడానికి వచ్చినవాళ్ళ కళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో ఆ నిచ్చెన మీది నుంచే కనిపెట్టేది. అంతటి గురువు దగ్గర చదువుకున్నదాన్ని కదా, నన్ను బేరంలో ఓడించేవాళ్ళు లేరని నాకో నమ్మకం ఉండేది. బహ్రెయిన్ వచ్చాక అది మరీ పెరిగింది.

సఖీర్‌లో కార్ల పందేలు మొదలైన ఏడాది మేం ముహర్రక్‌లో పాత బజారు వెనక సందులో ఉండేవాళ్ళం. మా ఆయన సిత్రాలో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో లెక్కలు చూసేవాడు. ఇల్లు చాలా పాతది. మధ్యలో వాకిలి, దాని చుట్టూ రైలు పెట్టెల్లా సన్నగా పొడుగ్గా గదులు. ఇంటావిడ ఒక పెద్ద బహ్రెయినీ ముసలమ్మ. ఎదురుగా కొడుకు కట్టుకున్న కొత్త ఇంట్లో ఉండేది. మేమంతా ఆమెను ఖాలా, అంటే పిన్నమ్మ, అని పిలిచేవాళ్ళం.

ఇల్లు చూడటానికి వెళ్ళిన రోజున నాకు అన్నీ నచ్చాయి. కాబట్టి ఏదీ నచ్చనట్టు నడిచాను. ఎక్కడైనా ఒక సొట్ట దొరక్కపోతుందా అని వెతుకుతుంటే కప్పు కనిపించింది. అల్యూమినియం చట్రాల్లో తెల్లటి పలకలు బిగించిన సీలింగు, మా ఆయన చెయ్యెత్తితే అందేంత కిందికి ఉంది. నేను గుండె మీద చెయ్యి వేసుకుని, ఊపిరి ఆడనట్టు కళ్ళు తేలేసి, తలమీద బోర్లించిన గిన్నెను చేతులతో చూపించాను. నాకు అరబ్బీ రాదు. కానీ ఊపిరాడకపోవడానికి భాష అక్కర్లేదు కదా. ఖాలా కాసేపు చూసి, నవ్వుకుని, కిరాయి తగ్గించింది. ఆ రాత్రి ఫోను కార్డు అయిపోయేదాకా అమ్మకి ఈ సంగతి చెప్పాను. "కప్పు తక్కువని తగ్గిచ్చిందా? శెభాష్ బిడ్డా," అంది అమ్మ.

మర్నాటి నుంచి గడప దాటినప్పుడల్లా మా ఆయన చెయ్యెత్తి ఆ పలకల్ని ఒకసారి తట్టేవాడు. "నీ డిస్కౌంటు ఇక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు," అనేవాడు.

రెండేళ్ళకి నేను కడుపుతో ఉన్నాను. తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్ళాలి. కానీ బీపీ ఎక్కువగా ఉంది, విమానం ఎక్కొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అంచేత పుట్టిల్లే విజిట్ వీసా మీద నా దగ్గరికి వచ్చింది. అమ్మ తెచ్చిన పెట్టె తెరిస్తే మామిడి తొక్కు, కారప్పొడి, వాము, సొంఠి. తొక్కు సీసా చుట్టూ ఒక పాత నూలు చీర ఉంది. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డ చీర.

"ఇదెందుకు మోసుకొచ్చావమ్మా?"

"సీస పలగొద్దని," అని నా చేతిలోంచి లాక్కుని మడతపెట్టి తలగడ కింద పెట్టుకుంది.

మొదటి మధ్యాహ్నం అమ్మ పరుపు మీద వెల్లకిలా పడుకుని చాలాసేపు పైకి చూసింది. గోడలో ఏసీ గురగురలాడుతోంది.

"బిడ్డా, ఈ ఇంట్ల ఫ్యాను లేదేందే?"

"ఏసీ ఉంది కదమ్మా."

"గీ పెట్టె గాలి నాకు పడది. కీళ్ళు పట్టుకుంటున్నయి."

సాయంత్రానికల్లా పక్కింటి నుంచి స్టాండు ఫ్యాను తెచ్చి పెట్టాను. అమ్మ దాన్ని చుట్టాల్లో పనికిరానివాణ్ణి చూసినట్టు చూసింది. "ఎదురుగాలి తలకు పడ్తది. గాలి మీదికెళ్ళి రావాలె." టేబుల్ ఫ్యాను మంచానికి కట్టి ఎత్తుగా పెడతానన్నాను. "మీదికెళ్ళి అంటే మీదికెళ్ళే." కిటికీ తీస్తానన్నాను. అదే మాట. కరీంనగర్‌లో కరెంటు పోయిన ఎండాకాలం రాత్రుళ్ళు విసనకర్ర పక్కన పడేసి గురక పెట్టి నిద్రపోయే మనిషి, ఇక్కడ పైనుంచి వచ్చే గాలి లేకపోతే కన్ను మూయదట.

నాలుగు రోజులు గడిచాక, అన్నం కలుపుతూ కలుపుతూ మా ఆయనతో చల్లగా చెప్పింది. "అల్లుడా, నా టికెటు జర ముందుకు మార్పియ్యి. నేను వోత. ఫ్యాను లేని ఇంట్ల నాతోని కాదు."

కాన్పు దగ్గర పడుతోంది. ఇక్కడ వేరే ఆడతోడు లేదు, మా ఆయనకి డ్యూటీ, ఓవర్‌టైం. అమ్మ వెళ్ళిపోతే ఆసుపత్రి నుంచి పిల్లనో పిల్లాణ్నో ఎత్తుకుని నేను ఒక్కదాన్నే ఈ పొడుగు గదిలోకి రావాలి. బీపీ ఉందని తెలిసీ ఈమె ఇలా ఎలా అంటోంది? ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. చివరికి చెప్పులేసుకుని మనామా బజారుకి బయల్దేరాను. దుకాణదారు కూతురికి దుఃఖం వస్తే వెళ్ళేది బజారుకే.

ఫ్యాన్ల షాపాయన గుజరాతీ. మా కులపు విద్య ఆయన కులంలోనూ ఉందని గడప మీదే అర్థమైంది. నేను ఇస్త్రీపెట్టె ధర అడిగాను. ఆయన ఇస్త్రీపెట్టె చూపిస్తూనే, "ఫ్యాన్లు ఈ వరసలో ఉన్నాయి బెహెన్‌జీ," అన్నాడు. సగం మర్యాద అక్కడే పోయింది. అయినా వదల్లేదు. రంగు వంక పెట్టాను, రెక్క వంక పెట్టాను, గొడుగు మర్చిపోయి ఒకసారి మెట్లెక్కాను. చివరి అస్త్రంగా ఫ్యానుకి వేలాడే ఇనుప రాడ్డు పట్టుకున్నాను.

"ఇది నాకొద్దు. మా కప్పు తక్కువ. తీసేసి ధర తగ్గించండి."

"రాడ్డు లేకుండా ఎవరూ తీసుకోరు బెహెన్‌జీ."

"నేను తీసుకుంటాను."

ఆయన రాడ్డు తీసి బల్ల కింద పెట్టి, అరచేయంత పొట్టి రాడ్డు ఒకటి పెట్టెలో పడేశాడు. కప్పు తక్కువని ఇంటి కిరాయి తగ్గించుకున్నాను, అదే కప్పు తక్కువని ఫ్యాను ధర తగ్గించుకున్నాను. ఒకే సొట్టని రెండుసార్లు అమ్ముకున్నదాన్ని నేనొక్కదాన్నేనని దారంతా మురిసిపోయాను.

ఎలక్ట్రీషియన్ భాయ్‌ది జగిత్యాల. మనిషి పొట్టి, మాట పొడుగు. "సఖీర్‌ల కార్లు ఉరికే కాడ వైరింగ్ చేసినోణ్ని అక్కా. నీ ఫ్యాను ఎంత? ఛాయ్ పెట్టు, చల్లారేలోపు తిప్పుత," అంటూ నిచ్చెన వేసి, ఒక తెల్ల పలకను పైకి నెట్టి తల లోపల పెట్టాడు.

ఛాయ్ చల్లారింది. భాయ్ మాట్లాడలేదు. దానికే నాకు భయమేసింది.

"యా అల్లా," అని మాత్రం వినపడింది.

"ఏమైంది భాయ్? శ్లాబుకి కొక్కెం లేదా?"

"అసలు శ్లాబే లేదక్కా." కిందికి దిగి తల దులుపుకున్నాడు. "నువ్వే ఎక్కి చూడు. నేను చెప్తే బడాయి అంటవ్."

నా పొట్ట చూసి నాలిక్కరుచుకున్నాడు. అప్పటిదాకా మంచం మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చున్న అమ్మ లేచింది. కొంగు నడుముకి చుట్టి, మా దుకాణంలో ఎక్కినట్టే చకచకా నిచ్చెనెక్కింది. కీళ్ళనొప్పులు ఏ మెట్టు దగ్గర దిగిపోయాయో నాకు తెలియదు. ఆమె తల, భుజాలు పలకల పైన మాయమయ్యాయి. నాకు కనిపిస్తున్నది నడుము నుంచి కింది భాగమే. చీర అంచు, పగిలిన మడమలు, మట్టెలు.

"ఏముందమ్మా?"

ఆ పాదాలు నిచ్చెన మెట్టు మీద నెమ్మదిగా ఒక పక్కకి తిరిగాయి, తర్వాత ఇంకో పక్కకి. గది ఈ చివర నుంచి ఆ చివరకి చూస్తోందన్నమాట. ఉన్నట్టుండి మడమలు లేచాయి. దేన్నో పట్టుకుని లాగినట్టు నిచ్చెన ఒకసారి కిర్రుమంది.

"అమ్మా, పడతావ్!"

"పడ తియ్యి." గొంతు దూరంగా, ఏదో గుళ్ళోంచి వచ్చినట్టు వచ్చింది. "ఇంతెత్తు దాచిపెట్టిన్రు గదనే బిడ్డా."

దిగాక వెంట్రుకల నిండా దుమ్ము. కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. "ఫ్యాను పడుతుందా?" అని అడిగాను. "ఆ. పడ్తది," అంది తాపీగా. ఆ సాయంత్రం టికెటు మాట ఎత్తలేదు.

పాత కప్పుని ముట్టుకోవాలంటే ఇంటావిడ ఒప్పుకోవాలి. మర్నాడు పొద్దున్నే ఖాలాని పిలిచాం. అరబ్బీని తెలుగులోకి తేవడానికి భాయ్ ఉన్నాడు. ఖాలా నిచ్చెన ఎక్కలేదు. తీసిన పలక కింద నిలబడి ఆ చీకటి సందులోంచి పైకి చూసి ఏదో అంది.

"అన్ని తీసెయ్యమంటుంది," అన్నాడు భాయ్. "ఏసీ పెట్టినప్పుడు కొడుకు ఇది కొట్టించిండంట. అప్పటి సంది ఆమె సుత పైకి చూడలేదంట. కానీ ఒకటే మాట, కర్రకు మొల కొట్టొద్దంట. ఒక్కటి సుత."

పలకలు దిగుతున్నంతసేపూ దుమ్ముకి దూరంగా నేను వాకిట్లో కూర్చున్నాను. "యల్లా అక్కా, రా," అని భాయ్ పిలిస్తే గడపలో నిలబడి తలెత్తాను. ఎత్తిన తలని దించబుద్ధి కాలేదు.

మా గది ఒకటికి ఒకటిన్నర అయింది. పైన ముదురు ఎరుపు తిరిగిన నల్లటి దుంగలు, పక్కపక్కన, ఈ గోడ నుంచి ఆ గోడకి, గది పొడుగంతా. ఏ ఒక్కటీ తిన్నగా లేదు. ఒకటి మోచెయ్యిలా వంగింది, ఒకటి నడుము వాల్చింది, ఒకటి తన కణుపులన్నీ అలాగే ఉంచుకుంది. అన్నీ కలిసి మాత్రం గీత గీసినట్టు ఒకే మట్టంలో నిలబడ్డాయి. వాటి మీద చీల్చిన వెదురు బద్దలు ఏటవాలుగా గళ్ళు గళ్ళుగా పరిచారు. ఆ గళ్ళలోంచి ఈతాకు చాప అల్లిక కనిపిస్తోంది. ఎవరి చేతులో అల్లిన చాప, ఏ వేలు ఎక్కడ వంగిందో తెలిసేలా ఉంది. ఉప్పు, పొగ, సాంబ్రాణి కలిసిన పాత వాసన మెల్లగా కిందికి దిగింది. రెండేళ్ళుగా నేను పప్పు తాలింపు పెట్టింది, మా ఆయనతో పోట్లాడింది, కడుపులో బిడ్డ మొదటిసారి కదిలితే ఉలిక్కిపడింది దీని కింద. ఇది పైన మాట్లాడకుండా ఉంది.

ఖాలా చాప మీద కూర్చుని చెప్పింది, భాయ్ మాకు చెప్పాడు. ఇవి మడ చెట్లట. సముద్రం పాయలు చొరబడే బురదలో, ఆఫ్రికా ఒడ్డున పెరిగేవట. వాళ్ళ తాత రోజుల్లో తెరచాప ఓడలు గాలి కోసం ఎదురుచూసి, గాలి పట్టుకుని, వీటిని మోసుకొచ్చేవట.

"చెట్టు ఎంత పొడుగొస్తే కమరా అంత ఎడల్పు అక్కా. అంతకు మించి పెట్టతందుకు రాదు. అందుకే ఈడ పాత కమరాలన్నీ సన్నగుంటయి."

నేను ఈ గోడ నుంచి ఆ గోడకి చూశాను. ఇల్లు చూసిన రోజున 'గది ఇరుకు' అని కూడా ఒక వంక పెట్టాను. ఎక్కడో బురదలో ఒక చెట్టు ఇక చాలనుకుని పెరగడం ఆపేస్తే, ఆ ఆగిన చోట మా గోడ లేచింది. దేన్ని చూసినా లోపల ధర కట్టేసుకోవడం నాకు ఊపిరి తీసినంత అలవాటు. పెళ్ళిపందిట్లో మంగళసూత్రం పడుతుంటే కూడా దాని తూకం అంచనా వేసుకున్నదాన్ని. ఆ కప్పుకి కూడా అలవాటు కొద్దీ కట్టబోయాను. కర్ర ఇంత, ఓడ కిరాయి ఇంత, అల్లిక కూలి ఇంత... గాలి కోసం ఎదురుచూసిన రోజుల దగ్గర లెక్క ఆగిపోయింది.

ఖాలా నావైపు వేలు చూపి ఏదో అంది. భాయ్ పగలబడి నవ్వాడు.

"కప్పు కిందికుందని కిరాయి తగ్గించుకున్నది నువ్వేనంట గదా. ఇప్పుడు కప్పు పైకి పోయింది. మరి కిరాయి ఎటు పోవాలె అంటుంది."

గుండె మీద చెయ్యి వేసుకుని, కళ్ళు తేలేసి, ఆ రోజు నేను చేసిందంతా మళ్ళీ చేసి చూపించింది. నాకంటే బాగా చేసింది. నేను నేల చూపులు చూస్తుంటే అమ్మ అందుకుంది.

"చెప్పు భాయ్. ఆమె కప్పుకు ఆమే దుమ్ము పట్టిచ్చుకున్నది, మేం దులిపినం. ముందుగాల మా కూలి ఇయ్యమను."

భాయ్ అరబ్బీలో చెప్పగానే ఖాలా మా అమ్మ అరచేతిలో అరచెయ్యి చరిచింది. ఇద్దరికీ ఒక్క మాట కలవదు, బేరం మాత్రం కలిసింది.

అప్పుడు భాయ్ లోపలి గోడ వైపు పైకి చూపించాడు. "అక్కా, నీ నసీబు చూడు! కొక్కెం తయారుగ ఉంది."

అన్నిటికంటే లావుపాటి దుంగకి ఇనుప కడియం ఒకటి చుట్టి ఉంది. దాని నుంచి ఒక వలయం వేలాడుతోంది. పైభాగమంతా తుప్పు. అడుగు భాగం మాత్రం తాళ్ళు ఒరుసుకుని ఒరుసుకుని వెండిలా మెరుస్తోంది. సరిగ్గా అమ్మ పరుపుకి పైన ఉంది అది. మేం ముగ్గురం, భాయ్, ఖాలా, నేను, దాన్నే చూస్తున్నాం.

"ఫ్యాను దీనికే కడ్త, ఖలాస్," అన్నాడు భాయ్.

"దానికి వద్దు," అంది అమ్మ.

"ఎందుకమ్మా? నీ మంచం మీదే కదా ఉంది. గాలి పైనుంచి కావాలన్నది నువ్వే."

"తలుపుకాడ పెట్టు భాయ్. ఆడ గాలి మంచిగ తిరుగుతది."

మాట్లాడుతున్నంతసేపూ ఆమె గోడని చూసింది, ఫ్యాను పెట్టెని చూసింది, భాయ్ చెప్పుల్ని చూసింది. గదిలో అందరి కళ్ళూ ఎక్కడున్నాయో అక్కడికి మాత్రం ఆమె కళ్ళు ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

ఖాలా మెల్లగా లేచింది. ఆ వలయం కిందికి నడిచి, చెయ్యి చాచి, గాల్లో దేన్నో తోస్తున్నట్టు ఇటూ అటూ ఊపింది. ఊపుతూ సన్నగా ఏదో కూనిరాగం తీసి, భాయ్‌తో చెప్పడం మొదలుపెట్టింది.

"ఖాలా ఏమంటుందంటే, ఆమె తమ్ముళ్ళు, ఆమె కొడుకులు, అందరు దీనికే..."

"భాయ్!" అమ్మ గొంతు గిన్నె పడ్డట్టు మోగింది. "ఫ్యానుకు రాడ్డు చాలుతదా లేదా, అది చూడు ముందు."

భాయ్ బిత్తరపోయాడు. నాకు మాత్రం అంతా ఒక్కసారి కనిపించింది. తలగడ కింద మెత్తటి చీర. 'మీదికెళ్ళే' కావాలన్న పట్టు. నిచ్చెన మీద లేచిన మడమలు, దేన్నో బరువుగా లాగి చూసిన కిర్రుమన్న చప్పుడు. మా ఇళ్ళలో బిడ్డ పుట్టకముందు తొట్టెల, అదే చీర ఉయ్యాల, కట్టరు. కట్టడం కాదు, మాట కూడా ఎత్తరు. ఎత్తితే దిష్టి. అందుకని కొక్కెం లేని ఇంట్లోకి వచ్చి, వెల్లకిలా పడుకుని కప్పంతా వెతికిన మా అమ్మ, పక్కనున్న గంగాళం ధర అడిగింది. ఇవ్వకపోతే చెప్పులేసుకుని మెట్లు దిగింది. టికెటు అనే గొడుగు చేతిలో పట్టుకుని. కరీంనగర్ విద్య మొత్తం నామీదే ప్రయోగిస్తుంటే నేను గుర్తుపట్టలేదు, పైగా వెనకాల పరిగెత్తి పిలిచాను.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏం చేసినా బయటపడిపోతుంది. కాబట్టి, "రాడ్డు చాలదు భాయ్," అన్నాను.

నిజంగానే చాలదు. పైకి పోయిన కప్పుకి నా పొట్టి రాడ్డుతో ఫ్యాను బిగిస్తే దాని గాలి దుంగలకే సరిపోతుంది. మళ్ళీ మనామా. గుజరాతీ ఆయన నన్ను చూడగానే బల్ల కిందికి వంగి రాడ్డు తీసి ముందు పెట్టాడు. రేపో మాపో వస్తానని ఆయనకి తెలుసు.

"ఇంకా పొడుగుది కావాలి," అన్నాను.

"కప్పు తక్కువన్నారుగా బెహెన్‌జీ?"

"పెరిగింది."

ఆయన ధర చెప్పాడు. నేనిచ్చేశాను. ఆయన డబ్బు పట్టుకుని నా మొహంలోకి చూసి, "ఒంట్లో బాగానే ఉందా? కుర్చీ వెయ్యనా?" అన్నాడు కంగారుగా.

మా ఆయన సిత్రా నుంచి వచ్చి, గడప దాటుతూ అలవాటుగా చెయ్యెత్తాడు. తట్టడానికి ఏమీ తగల్లేదు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది, తల దాని వెనకే లేచింది. "ఇది మనిల్లేనా?" అన్నాడు గుసగుసగా.

రెండు దుంగలకి కింద తోలు ముక్కలు వేసి, ఇనుప పట్టీలు చుట్టి, ఒక్క మేకు కొట్టకుండా భాయ్ తలుపు దగ్గర ఫ్యాను వేలాడదీశాడు. స్విచ్ వెయ్యడానికి ఖాలాని పిలిచాం. రెక్కలు బద్ధకంగా కదిలి, ఒకదాన్నొకటి తరుముకుని, చివరికి కనపడకుండా పోయాయి. వెదురు గళ్ళలో మిగిలిన పాత దుమ్ము ఎండపొడలో బంగారు పొట్టులా తిరుగుతూ దిగింది. చాప అల్లికలో సన్నటి గలగల మొదలైంది, చాలా కాలానికి ఎవరో పలకరిస్తే గొంతు సవరించుకున్నట్టు. ఆ గాలి గది రెండో చివరకి వెళ్ళేసరికి వేగం తగ్గి, పసిగాలి అయిపోతోంది. అక్కడ నిలబడి అరచెయ్యి పట్టి చూశాను. ఒక చెంపకి ఎంత కావాలో అంతే ఉంది.

అమ్మ తప్పుగా ఏం చెప్పలేదు. తలుపు దగ్గరే మంచిగా తిరుగుతోంది.

ఖాలా వెళ్ళబోతూ ఆగింది. వలయాన్ని చూసింది, నా పొట్టని చూసింది. ఏదో అనడానికి నోరు తెరిచింది. అమ్మ చూపుడువేలు పెదాల దాకా కూడా రాలేదు, కొంగు దగ్గరే కొంచెం కదిలింది. ఖాలా నోరు మూసుకుంది. ఆమెకి తెలుసు. వాళ్ళకీ ఉందన్నమాట ఆ భయం, అదే ఓడల్లో వచ్చిందో, ఇక్కడే పుట్టిందో.

ఖాలా గొంతు సవరించుకుని, భాయ్ అక్కర్లేనంత తేలికైన హిందీ ముక్కల్లో అడిగింది. "ఫ్యాను... మంచిదేనా?"

"బహుత్ అచ్ఛా," అంది అమ్మ, తనకొచ్చిన హిందీ అంతా ఖర్చుపెట్టి.

ఇద్దరూ తలెత్తి ఫ్యానుని చూస్తూ నిలబడ్డారు. నేనూ వాళ్ళ పక్కకి వెళ్ళి, వాళ్ళు చూస్తున్న వైపే చూశాను.